విప్పి చూసే మామ

మొన్న శుక్రవారం మా వాషింగ్ మెషిన్ బట్టలు సగం తడిపి ఆగిపోయింది. కంపెనీ సర్వీసు సెంటరును సంప్రదించమని తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. అవి చూసి పగలబడి నవ్వాను. దుప్పట్లు చేత్తో పిండుకోలేక తను చస్తుంటే ఆ నవ్వేమిటని మా ఆవిడ కసిరింది. నాకు నవ్వొచ్చింది మెషిన్ని చూసి కాదు, మామ గుర్తొచ్చి. మామ ఇక్కడుంటే ఆ అక్షరాలు చదివేవాడే కాదు. వెనక మూత విప్పి, అందులో తల దూర్చి, "దీనికేం రోగం లేదప్పా, మీ పాప జుట్టుపిన్ను అడ్డం పడుండాది" అంటూ బయటికి వచ్చేవాడు.

ముందే చెబుతున్నాను, మామ నిక్షేపంగా ఉన్నాడు. రాయచోటిలో ఉన్నాడు. పోయినవాళ్ల గురించి రాసినట్టు రాశానని తెలిస్తే ఫోన్ చేసి మరీ తిడతాడు. సౌదీలోని జుబైల్లో ఉన్న ఇరవై పైచిలుకు ఏళ్లలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు నాకు తెలిసి లేరు. తెలుగువాళ్లందరికీ మామ, పాకిస్తానీలకు ఉస్తాద్, అరబ్బులకు హాజీ. అక్కడ మెకానిక్ షెడ్లన్నీ ఒకచోట ఉండే పేటను సనాయా అంటారు. ఆ సనాయాలో చివరి వరసలో, ఒక టైర్ల దుకాణం పక్కన ఆయన షెడ్డు. పేరుకు కఫీల్‌ది, అంటే వీసా ఇప్పించిన సౌదీ యజమానిది, పని అంతా మామది.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కళ్లజోడు ఒక కాడ విరిగితే దానికి ఎర్ర వైరు తొడుగు ఎక్కించాడు. కొత్తది కొనుక్కోవచ్చు కదా అంటే, "ఇది నేను రిపేరు చేసిందప్పా, కొత్తది ఎవరో చేసింది" అన్నాడు. ఆయన చెయ్యి పడని మూత అంటూ సనాయాలో ఉండేది కాదు. మా తెలుగు మెస్సులో రైస్ కుక్కరు, పక్కనున్న బఖాలా కొట్లో తూకం మిషను, మసీదులో చల్లనీళ్ల యంత్రం, అన్నీ విప్పాడు. విప్పితే వారంటీ పోతుందని హెచ్చరిస్తూ వస్తువుల మీద చిన్న స్టిక్కర్లు అంటిస్తారు కదా, అవి చింపకుండా గోటితో ఒలిచి తన ఇనప బీరువా తలుపుకి అంటించేవాడు. ఇంగ్లీషు, అరబ్బీ, చైనా, కొరియా, తలుపు మొత్తం అవే. కొత్తగా ఎవరైనా వస్తే మెడల్స్ చూపించినట్టు చూపించేవాడు.

ఇక ఆయన ఊతపదం ఒకటుండేది. "లోపలికి చూసినావా?" బండి స్టార్ట్ కావడం లేదన్నా అదే, సెలవు ఇవ్వనంటున్న కఫీల్ గురించి చెప్పినా అదే. ఒకసారి మా మెస్సులో తినే వెల్డరు ఒకడు పెళ్లాం మూడు రోజుల్నుంచి ఫోన్ ఎత్తడం లేదని ఏడుపు మొహంతో వస్తే, వాణ్నీ అదే అడిగాడు. వాడు తెల్లబోయాడు. "అదేరా, ఆ యమ్మి మనసులోపలికి" అని మామ వివరించాక మేమంతా నవ్వాం. వాడు ఆ సాయంత్రమే ఊళ్లో బావమరిదికి ఫోన్ చేస్తే, అసలు గొడవ ఆడపడుచుతో అని తేలింది.

నాది తణుకు. ఆ రోజుల్లో నేను ఒక ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ వకాలాలో, అంటే వాళ్ల ఏజెన్సీలో, సర్వీసు కౌంటరు మీద కూర్చునేవాణ్ని. సొంతానికి మాత్రం ఓ పాత పెట్రోలు కారు ఉండేది. దాని ఏసీ పాడైతే మామ దగ్గరికి వెళ్లాను. అదే మొదటి పరిచయం. నేను కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటుంటే చేతిలో లైటు పెట్టి, "పట్టుకో. నీ బండి కడుపులో ఏముండాదో నువ్వు చూడద్దా?" అన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని గంటసేపు లైటు పట్టుకున్నాను. అంతా అయ్యాక పానా నా చేతికిచ్చి, చివరి బోల్టు బిగించమన్నాడు.

"నాకు చేతకాదు మామా."

"బిగించు. నేను బస్ అనేదాకా తిప్పు. ఆఖరు బోల్టు బండి కలాయనే బిగించాల. అప్పుడే అది నీ బండి."

ఇది ఆయన షెడ్డులో అందరికీ వర్తించే నియమం. లారీ డ్రైవరైనా, మెడలో ఐడీ కార్డు వేలాడే మేనేజరైనా చివరి బోల్టు తానే బిగించాలి. కొంతమందికి చిరాకు. చాలామంది మాత్రం బిగించాక చేతులు దులుపుకుంటూ అదేదో తామే కారంతా తయారుచేసినట్టు నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను.

నేను ఎలక్ట్రిక్ కార్ల వకాలాలో పనిచేస్తానని తెలిశాక మామ నన్ను వదల్లేదు. శుక్రవారం మెస్సులో బిర్యానీ తింటుంటే పక్కన చేరి ప్రశ్నలు. కాంటాక్టర్లు ఎప్పుడు మూసుకుంటాయి, ఇన్సులేషన్ ఎంతకు పడిపోతే బండి ఆగుతుంది, ఇట్లా. నాకు సగం తెలియవు. తెలిసినట్టు చెప్పేవాణ్ని. ఆయన విని, "సరేలే అల్లుడూ, నేను మళ్ల చూస్తాలే" అనేవాడు. దమ్మామ్ తుక్కు యార్డు నుంచి యాక్సిడెంటులో నుజ్జయిన ఎలక్ట్రిక్ కారు ఒకటి తెచ్చుకుని, మూడు నెలల పాటు దాన్ని వేరుశనగ కాయ ఒలిచినట్టు ఒలిచాడు.

ఆషామాషీగా కాదు. అన్ని వందల వోల్టుల కరెంటు అంటే ఏమిటో ఆయనకు బాగా తెలుసు. మోచేతుల దాకా రబ్బరు గ్లవుసులు వేసుకుని, ముందు బ్యాటరీ ప్లగ్గు పీకి తన జేబులో వేసుకునేవాడు. తర్వాత కూర్చుని పాలు లేని సులైమానీ టీ ఒకటి పూర్తిగా తాగేవాడు. లోపల మిగిలిన కరెంటు దిగేదానికి అంతసేపు పడుతుందట. ఆ తర్వాత మీటరు పెట్టి చూసి, అప్పుడు కూడా ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని కుడిచేత్తో మాత్రమే మొదటి తీగ ముట్టేవాడు. "రెండు చేతులూ పెడితే దానికి గుండెకాయ మింద దోవ దొరుకుతాది. మనం దోవ ఇయ్యగూడదు." అలవాటై అలవాటై, మామూలప్పుడు కూడా ఎడమ చెయ్యి జేబులోనే ఉండేది. బిర్యానీ వడ్డించేటప్పుడు కూడా.

ఇలా ఉండగా ఒక రోజు మా వకాలాకు ఖతీఫ్ నుంచి అబూ హసన్ అనే పెద్దాయన కారు లాగించుకుని వచ్చాడు. చేపల వ్యాపారి. తెల్లారి రేవులో చేపలు కొని, ఐసు డబ్బాల్లో వేసి, జుబైల్లోని మెస్సులకూ హోటళ్లకూ తెచ్చిపోస్తాడు. పాత పికప్ అమ్మేసి, పెట్రోలు ఖర్చు తగ్గుతుందని ఈ కారు కొన్నాడు. అది ఉన్నట్టుండి దారిలో ఆగిపోయింది. కారు గ్యారేజీలోకి రాగానే మా వాళ్లంతా ముక్కులు మూసుకున్నారు.

మా కంప్యూటరు అరనిమిషంలో తీర్పు చెప్పింది. హై వోల్టేజి లీకు, బ్యాటరీ మొత్తం మార్చాలి, నీళ్ల వల్ల పాడైంది కనుక వారంటీ రాదు. అది ఆయనకు చెప్పడం నా ఉద్యోగం. నేర్పినట్టే మర్యాదగా చెప్పాను. బ్యాటరీకయ్యే డబ్బుతో ఇంకో బండి వస్తుంది. అబూ హసన్ గొడవ చెయ్యలేదు. తలపాగా సర్దుకుని, "లోపల ఏం పాడైందో చూపించు" అన్నాడు. మేం విప్పం, డబ్బా మొత్తం మారుస్తాం అన్నాను. "చూడకుండా పాడైందని ఎలా తెలిసింది?" అన్నాడు. బండి లేకపోతే రేపు చేపలు రావు, రెండు వారాలు రాకపోతే హోటళ్ల వాళ్లు వేరేవాణ్ని చూసుకుంటారు, ఈ వయసులో కొత్తగా ఎవరిని వెతుక్కోవాలని ఆయన తనలో తాను అనుకున్నట్టుగా అన్నాడు. నేను ఒక చీటీ వెనక మామ నంబరు రాసి ఇచ్చాను. ఆ మాత్రం ధైర్యం నాకుండేది.

రెండు రోజుల తర్వాత డ్యూటీ దిగి నేరుగా షెడ్డుకు వెళ్లాను. మామ కారు కింద పడుకుని వాసన చూస్తున్నాడు. నిజంగానే, ముక్కు పెట్టి.

"అల్లుడూ, ఇట్ల రా. లోపలికి చూడు."

వంగి చూశాను. డిక్కీ అడుగున రేకుకు ఒక గుండ్రటి చిల్లు ఉంది. దానికి రబ్బరు మూత ఉండాలి, లేదు. చిల్లు కింద సరిగ్గా నారింజ రంగు లావు కేబులు కనెక్టరు. దాని మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది.

"ఈ మూత ఏమాయె?" అని మామ అరబ్బీలో అడిగితే, అబూ హసన్ అసలు సంగతి బయటపెట్టాడు. ఐసు కరిగిన నీళ్లు డిక్కీలో నిలిచి కంపు కొడుతుంటే, పాత పికప్‌లో చేసినట్టే అడుగు మూత పీకేశాడట, నీళ్లు కిందికి పోతాయని. పోయాయి. కాకపోతే ఉప్పునీళ్లన్నీ రోజూ ఆ కనెక్టరుకు స్నానం చేయించి మరీ పోయాయి.

మామ నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "బ్యాటరీకి ఏమీ కాలేదప్పా. ఇది చేపల పులుసు." తుక్కు కారు నుంచి తీసిన కేబులు వేసి, అంతా శుభ్రం చేసి ఆరబెట్టి, మీటరు పెడితే లీకు లేదు. డిక్కీ చిల్లుకి కొత్త మూత పెట్టి, ఐసు డబ్బాల కింద వెయ్యడానికి అంచులున్న పెద్ద ట్రే ఒకటి రేకుతో చేసిచ్చాడు. చివరి బోల్టు అబూ హసన్ బిగించాడు. మామ బస్ అన్నాడు.

కారు మాత్రం లేవలేదు. లోపం పోయినా, లోపం వచ్చిందన్న గుర్తు కారు కంప్యూటరులో అలాగే ఉండిపోయింది. కంపెనీ సర్వీసును సంప్రదించమని తెర మీద ఎర్ర అక్షరాలు. ఆ గుర్తును కంపెనీ మాకిచ్చిన ట్యాబుతో తప్ప తుడవలేరు.

"చూడు అల్లుడూ, ఈ పెద్దాయన బండి కొన్నాడంట. తాళంచెవి మాత్రం ఇంగా వాళ్ల కాడనే ఉండాదంట" అన్నాడు మామ. చెయ్యి తుడుచుకుంటూ మామూలుగా అడిగాడు. "అది తుడిచేది మీ కాడ ఎవరి చేతిలో ఉంటాది?"

నా ట్యాబు నా భుజానికున్న సంచిలో ఉంది. అందులో ఆ బటన్ ఉంది. అయితే బయట విప్పిన బండికి ఆ బటన్ నొక్కితే మా కంపెనీలో ఉద్యోగం ఊడుతుంది. నొక్కినవాడి పేరు వాళ్లకు తెలిసిపోతుంది. ఉద్యోగం పోతే ఆ దేశంలో ఉండనిచ్చే నా ఇకామా కార్డు, దాంతో పాటు మా ఆవిడది, అక్కడ బడికి పోతున్న నా ఇద్దరు పిల్లలది, అన్నీ పోతాయి.

"మా ఇన్‌చార్జి చేతిలో మామా. నా ట్యాబులో రాదు" అన్నాను.

"సరేలే" అన్నాడు మామ. నాకు కూడా ఒక టీ పోశాడు.

మర్నాడు పొద్దున లాగుడు బండి మీద అదే కారు మా గ్యారేజీకి వచ్చింది. వెనకే అబూ హసన్, ఆయన పక్కన మామ. ఇస్త్రీ చొక్కా, దువ్విన జుట్టు, ఎడమ చెయ్యి జేబులో. టోకెన్ తీసుకుని బుద్ధిగా వరసలో కూర్చున్నారు.

మా ఇన్‌చార్జి అభా నుంచి వచ్చిన సౌదీ ఇంజనీరు, ముప్పై ఏళ్లవాడు, మంచివాడే. బయట విప్పిన బండి అని నేను చెప్పగానే ఒక ఫారం తీశాడు. దాంట్లో బండి ఎవరు విప్పారో రాసి, సంతకం పెట్టించుకుంటే, వారంటీ రద్దు చేసి గుర్తు తుడవచ్చు. ఆ అధికారం ఆయనకు ఉంది.

"ఎవరు విప్పారు?" అని అడిగాడు.

"నేనే" అన్నాడు అబూ హసన్ తడుముకోకుండా. "చివరి బోల్టు నా చేత్తో బిగించాను."

"ఎంత టార్కుతో బిగించారు?"

అబూ హసన్ మామ వైపు చూశాడు. మామ పైకప్పు వైపు చూశాడు. "బస్ అనేంత" అన్నాడు అబూ హసన్.

ఇంజనీరు నవ్వేశాడు. నవ్వి, ఫారం మళ్లీ ముందుకు జరిపాడు. సరైన పేరు లేకపోతే తుడవనని చెప్పాడు. మామ కలం తీసుకున్నాడు. నేను కౌంటరు మీదికి వంగి తెలుగులో గొణిగాను. "రాయకు మామా. ఈ కాగితం పైకి పోతుంది. ఎలక్ట్రిక్ బండ్లు విప్పడానికి నీ షెడ్డుకు పర్మిట్ లేదు."

"ఆయప్ప చేపలు కుళ్లిపోతాండాయి కదా" అన్నాడు మామ. తన పేరు, షెడ్డు నంబరు, కఫీల్ పేరు తీరిగ్గా రాశాడు. తర్వాత ఇంజనీరుకి సనాయా అరబ్బీలో చెప్పాడు, మీరే కారు పైకెత్తి చూడండి, తప్పుంటే చెప్పండి, నేర్చుకుంటాను అని. ఆ కుర్రాడు నిజంగానే కారు ఎత్తించి, కిందికి వెళ్లి చాలాసేపు చూశాడు. కంపెనీలో చేరి నాలుగేళ్లయినా ఆ కనెక్టరు విప్పగా చూడటం అదే మొదటిసారని తర్వాత నాతో అన్నాడు. తానే వచ్చి గుర్తు తుడిచాడు. కారు కిక్కురుమనకుండా లేచింది. అబూ హసన్ ఇద్దరి తలల మీదా ముద్దులు పెట్టి, అక్కడి నుంచి నేరుగా రేవుకు పోయాడు.

కాగితం పైకి పోయింది. నెల తిరక్కుండా మామ కఫీల్‌కి నోటీసు వచ్చింది, శిక్షణ, పర్మిట్ లేకుండా ఎలక్ట్రిక్ బండ్లు ముట్టకూడదని. మామ కోపం తెచ్చుకోలేదు, శిక్షణ ఎక్కడ ఇస్తారో కనుక్కోవడానికి తిరిగాడు. జుబైల్, దమ్మామ్, మళ్లీ జుబైల్. అది కంపెనీ ఉద్యోగులకు మాత్రమేనట. "నేర్చుకుంటానంటే నేర్పరంట అల్లుడూ. నేర్చుకోకుండా ముట్టగూడదంట. ఇది బో తమాషాగుండాది" అని నవ్వాడు. పెట్రోలు బండ్లు చేస్తూ ఇంకో ఎనిమిది నెలలు ఉన్నాడు. ఎలక్ట్రిక్ కారు ఏదైనా షెడ్డు ముందుగా పోతే మెడ తిప్పి, అది మలుపు తిరిగేదాకా చూసేవాడు. తర్వాత మళ్లీ తిరిగి రాకుండా ఊరికి పోవడానికి ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకున్నాడు. వయసైపోయిందని అందరికీ చెప్పాడు. అందరూ నమ్మారు.

నాకు నిద్ర పట్టేది కాదు. ఆయన సామాను సర్దుకుంటున్న రోజున షెడ్డుకు వెళ్లి, ఎదురుగా నిలబడి చెప్పేశాను. ఆ బటన్ నా ట్యాబులో కూడా ఉంది మామా, ఆ రోజు అబద్ధం చెప్పాను, నేను చప్పుడు కాకుండా నొక్కి ఉంటే నువ్వు ఆ కాగితం మీద పేరు రాసే పనే ఉండేది కాదు అని.

మామ పానాలు గుడ్డలో చుడుతున్నాడు. చుట్టడం ఆపలేదు.

"ఉండాదని తెలుసులే. మెస్సు కాడ ఆ ఫిలిప్పీన్ ఆయన కారు ఆగిపోతే నువ్వు నొక్కి లేపల్యా? నేను పక్కనే ఉంటి."

నాకు ఆ సంగతే గుర్తు లేదు. "మరి తెలిసీ నన్ను అడగలేదేం మామా? నొక్కమని ఒక్క మాట అనలేదేం?"

"అడిగింటే నువ్వు నొక్కేసింటావు" అన్నాడు మామ. "నీకు ఇద్దరు బిడ్డలు. అందుకే అడగల్యా."

అడిగి ఉంటే నొక్కేవాణ్నో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన మాత్రం నొక్కేవాడినని నమ్మాడు. ఆ మాట తలుచుకుంటే ఈరోజుకీ నాకు సిగ్గేస్తుంది.